చింతపండు డబ్బాలో సూది

గురువారం పొద్దున ఏడింటికి వెంకటరావమ్మ పడకగది తలుపు గడియ వేసి, మంచం మీద కూర్చుని, పొట్ట మీది చీర పక్కకు జరిపింది. ఆమె భర్త అంకమ్మరావు కళ్ళజోడు సర్దుకుని, పెన్నులాంటి ఇంజెక్షన్‌ను కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఆయన ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఆయన చేతి సూది పడని గేదె లేదు.

“కదలకు,” అన్నాడు.

“నేనేమన్నా గేదెనా?”

“గేదెలే నయం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకోవు.”

సూది నొప్పి చీమ కుట్టినంత. అంకమ్మరావు దూది అద్ది, పెన్నుకు మూత బిగించి, మెల్లిగా అన్నాడు. “నాలుగు నెలలైంది. ఇంకా ఎన్నాళ్ళే ఈ దాగుడుమూతలు? కోడలికి చెప్పెయ్యరాదా?”

“నీకేం, చెప్పమంటావు. అన్న మాట నాది గదా.”

మోకాళ్ళ నొప్పులకని గుంటూరు వెళితే, బరువు తగ్గితేగానీ ఆపరేషన్ మాట ఎత్తొద్దని ఎముకల డాక్టరు చెప్పి ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన పరీక్షలన్నీ చేయించి, వారానికొకటి చొప్పున ఈ ఇంజెక్షన్ రాశాడు. తొంభై నాలుగు కిలోల మనిషి ఎనభై ఆరుకు దిగింది. పెరటి మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతోంది. మందు తన పని తాను చేస్తూనే ఉంది. చిక్కల్లా అంతకుముందు ఏడాది వెంకటరావమ్మ అన్న మాటతోనే వచ్చింది.

రెండో కాన్పు తరువాత కోడలు జ్యోతిర్మయి ఒళ్ళు చేసింది. షుగరు వచ్చే సూచన ఉందని, బరువు తగ్గడానికి ఇలాంటి ఇంజెక్షనే వాడి చూద్దామని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. జ్యోతి ఆ చీటీ తెచ్చి అత్తగారికి చూపించింది. అప్పుడు వెంకటరావమ్మ వాకిట్లో నిలబడి, ప్రహరీ అవతల పొరుగింటి కోటిరత్నానికే కాదు, వీధి చివర కిరాణా కొట్టు దాకా వినపడేలా మాట్లాడింది.

“సూది పొడిపించుకుని సన్నబడతావా? సిగ్గుగా లేదూ చెప్పుకోటానికి? రోజూ నాలుగు బిందెలు మోసి, వంగి వాకిలి ఊడువు, అదే కరుగుద్ది!”

కోటిరత్నం నవ్వింది. జ్యోతి చీటీ మడిచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అదే సూది ఇప్పుడు వెంకటరావమ్మ పొట్టలో గురువారం గురువారం దిగుతోంది. పెన్ను ఫ్రిజ్‌లోనే ఉంచాలన్నారు గనుక, పాత చింతపండు డబ్బాలో, చింతపండు కింద, గుడ్డ చుట్టి పెట్టింది. ఆ డబ్బా ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో ఆజ్ఞ కూడా జారీ అయింది.

డబ్బానైతే దాచింది గానీ కంచాన్ని ఎక్కడ దాచుతుంది? ఆకలి చచ్చిపోయింది. నాలుగు ముద్దలు తినేసరికి గొంతు దాకా నిండినట్టుంటోంది. పోపు వాసన తగిలితే కడుపులో తిప్పుతోంది. ఎవరైనా అడిగితే కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు మీదికి నెట్టేస్తోంది.

పైగా ఆ ఇంట్లో ఎంత పెట్టాలని ఎవరూ ఎవరినీ అడగరు. వడ్డించేవాళ్ళు గుట్టగా పోస్తారు, కూర్చున్నవాళ్ళు తినాలి. తినకపోతే దానికి ఒకటే అర్థం, కోపం వచ్చిందని. ఆ పద్ధతి నేర్పింది కూడా వెంకటరావమ్మే. కొడుకు చెప్పకుండా మోటారుసైకిలు కొన్నప్పుడు ఒకటిన్నర రోజు కంచం ముట్టలేదు. తన చెల్లెలి ఇంట్లో పెళ్ళికి మొగుడు ఆలస్యంగా వచ్చినందుకు మూడు పూటలు మజ్జిగతో సరిపెట్టింది. కనుక నాలుగు నెలలుగా అత్తగారు సగం కంచం వదిలేస్తుంటే జ్యోతికి ఇంకేం తోస్తుంది?

ఆ పిల్ల తన తప్పేమిటో వెతుక్కోవడం మొదలుపెట్టింది. కూరలు మార్చింది. నెయ్యి పెంచింది. గారెలు వేసింది, బొబ్బట్లు చేసింది. ఒక రోజు ఏకంగా కాళ్ళ దగ్గర కూర్చుని, “నా మీద ఏమన్నా మనసులో ఉంటే తిట్టండి అత్తయ్యా. అన్నం మీద మాత్రం అలగమాకండి,” అని ఏడ్చింది. వెంకటరావమ్మ ఆ పూట బలవంతాన రెండు గారెలు మింగి, పెరట్లోకి వెళ్ళి కక్కుకుంది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఈ పిల్ల కుమిలిపోతుంది. ఎటు తిరిగినా గోడే. తన గోడ తనే కట్టుకుంది కాబట్టి తిట్టుకోవడానికి ఇంకో మనిషి కూడా లేడు.

ఆ గురువారం జ్యోతి అత్తగారికి ఇష్టమని ముక్కల పులుసు పెట్టింది. పొయ్యి మీద బెండకాయలు, సొరకాయ ముక్కలు ఉడుకుతుంటే చింతపండు అయిపోయింది. మామగారు కల్లంలో కూలీల దగ్గర ఉన్నాడు. భర్త వీరాంజనేయులు అప్పుడే కల్లం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“ఏవండీ, ఫ్రిజ్‌లో అత్తయ్య పాత చింతపండు ఉంటది. ముట్టుకోవద్దన్నారు గానీ పులుసు ఆవిడకే గదా, కాస్త తెచ్చివ్వరా? నా చేతులు తడి.”

వాకిట్లో నవారు మంచం మీద కూర్చున్న వెంకటరావమ్మకు ఆ మాట వినపడింది. లేవబోయింది. మోకాలు ఒక్క క్షణం పట్టేసింది. ఆ క్షణం చాలింది.

వీరాంజనేయులు చేతిలో చింతపండుకు బదులు గుడ్డ మూట ఉంది. విప్పి చూశాడు. పెన్ను మీది కాగితం చదివాడు. మొహం ఎర్రబడింది.

“జ్యోతీ, బయటికి రా! ఇదేంది?”

జ్యోతి చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏంటండీ అది?”

“నన్నడుగుతావా? బరువు తగ్గే సూది. నీ చీరల కింద ఆ డాక్టరమ్మ చీటీ ఇంకా ఉంది, నేను చూళ్ళేదనుకున్నావా? అమ్మ అంత చెప్పినా దొంగచాటుగా పొడుచుకుంటన్నావా?”

“నాది కాదండీ. పిల్లల మీద ఒట్టు. నేనే పొడుచుకుంటుంటే సన్నబడాలి గదా. నన్ను చూస్తే అట్టా ఉందా?”

“నీకింకా పని చెయ్యలేదేమో! ఇది అమ్మకి తెలిసిపోయింది. అందుకే తిండి మానేసింది. నాకిప్పుడు అర్థమైంది.” అతను తల్లి వైపు తిరిగాడు. “అంతేగా అమ్మా?”

ఇంత మంచి దారి వెంకటరావమ్మకు ఇంకెవరూ చూపించి ఉండరు. ఊ అంటే చాలు. నాలుగు నెలల కంచాలన్నిటికీ ఒక్క మాటలో జవాబు దొరుకుతుంది. ఆమె తల ఊపలేదు. అలాగని కాదనీ అనలేదు.

జ్యోతి చింతపండు డబ్బా వైపు చూసింది. అక్కణ్ణుంచి అత్తగారి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరువాత, “సరే, నాదే అనుకోండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

“చూశావా, ఒప్పుకుంది!” అని వీరాంజనేయులు ఫోను తీశాడు. చీరాలలో ఉన్న జ్యోతి తండ్రికి చేశాడు. “మావయ్యగారూ, ఒకసారి వచ్చి మీ అమ్మాయికి చెప్పిపోండి. ఆ, ఇవాళే రండి.” పాపం, చీరల కొట్టు మూసుకుని సాయంత్రం రైలుకు వస్తానన్నాడు ఆ పెద్దాయన.

వెంకటరావమ్మ నవారు మంచం పట్టీ పట్టుకుని కూర్చుంది. అరవై ఏళ్ళు రాబోతున్న మనిషిని, కన్నకొడుకు ముందు అబద్ధం ఆడకుండానే అబద్ధం ఆడాను కదా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

జ్యోతి పొయ్యి ఆపేసి, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. దానికే ఎక్కువ భయం వేసింది వెంకటరావమ్మకు.

“జ్యోతీ…”

“నాకు తెలిసింది అత్తయ్యా. ఆ డబ్బా మీరు తప్ప ఎవ్వరూ ముట్టుకోరు.”

“తెలిసీ నాదేనని ఎందుకన్నావే?”

“ముందు మీరు చెప్తారేమోనని చూశా. చెప్పలేదు.” జ్యోతి గోడ వదిలి ముందుకొచ్చింది. “నాలుగు నెలలు అత్తయ్యా! రోజూ రాత్రి పడుకుని, ఇవాళ పులుపెక్కువైందా, ఉప్పెక్కువైందా, నేనేమన్నా మాట జారానా అని ఏడ్చుకున్నా. మందు అని ఒక్క మాట చెప్తే మీకు జావ కాచి ఇచ్చేదాన్ని గదా.”

వెంకటరావమ్మకు ఆ రోజు వాకిట్లో తాను అరిచిన అరుపు, చీటీ మడుచుకుంటూ ఈ పిల్ల వంచుకున్న తల గుర్తొచ్చాయి. అప్పుడు దీనికెంత సిగ్గేసిందో తనకు నాలుగు నెలలుగా తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా దాని మీదే ఇంకో నింద పడనిచ్చింది.

గిరుక్కున తిరిగి వాకిట్లోకి నడిచింది. సరిగ్గా ఆ రోజు కోడల్ని తిట్టిన చోటే నిలబడింది. ప్రహరీ అవతల కోటిరత్నం బట్టలు ఆరేస్తోంది.

“ఒరేయ్ ఆంజనేయులూ! ఆ సూది నాదిరా!”

వీరాంజనేయులు తెల్లబోయాడు. “నెమ్మదిగా అమ్మా, కోటిరత్నం పిన్ని వింటంది.”

“విననీ! తిట్టింది గట్టిగానేగా, చెప్పేదీ గట్టిగానే చెప్తా. మోకాళ్ళ కోసం డాక్టరు రాశాడు. నాలుగు నెలల్నుంచీ మీ నాన్న వేస్తన్నాడు. దానివల్లే తిండి సయించటం లేదు. జ్యోతి వంటలో ఏ లోపం లేదు, జ్యోతిలోనూ లేదు. నువ్వడిగినప్పుడు నోరు మూసుకుని కూర్చున్నా. తప్పు నాది.”

కోటిరత్నం చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. ఈసారి ఆమె నవ్వలేదు.

వీరాంజనేయులు తలవంచుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, “జ్యోతీ, తొందరపడ్డా,” అన్నాడు. జ్యోతి అటు తిరిగి పొయ్యి మళ్ళీ వెలిగించింది. అతను తల్లి వైపు తిరిగి, “మావయ్యగారికి రావద్దని చెప్తాలే అమ్మా,” అన్నాడు.

“ఏం అక్కర్లా, రానీ. ఆయన ముందర కూడా చెప్తా.”

వెంకటరావమ్మ మళ్ళీ లోపలికి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. “ఆ చీటీ తియ్యమ్మా. సోమవారం మనిద్దరం గుంటూరు పోదాం. నీకు పడుద్దో లేదో డాక్టరమ్మే చూసి చెప్తది.”

“చూద్దాం అత్తయ్యా,” అంది జ్యోతి. “తీసుకోవాలో వద్దో ఈసారి నేను ఆలోచించుకుంటా.”

“అట్టాగే. నేను నోరెత్తను,” అంది వెంకటరావమ్మ. ఆ ఇంట్లో అది చిన్న మాట కాదు.

మధ్యాహ్నం అంకమ్మరావు కల్లం నుంచి వచ్చి జరిగింది విని, “నా ఒట్టు తీరింది, బతికిపోయా,” అని పీట వాల్చుకున్నాడు. అందరూ కూర్చున్నారు. జ్యోతి ఇంకా ఎవరి మొహంలోకీ సరిగా చూడటం లేదు. భర్తకు, మామగారికి వడ్డించి, అత్తగారి కంచం దగ్గరికొచ్చి, అన్నం గరిటె పట్టుకుని ఆగింది.

“ఎంత పెట్టమంటారు అత్తయ్యా?”

కాపరానికొచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఆ ఇంట్లో ఆ మాట వెంకటరావమ్మను ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు. కళ్ళు నిండి కంచం మసకబారింది.

“ఒక్క గరిటె చాలమ్మా. పులుసు మాత్రం కాస్త ఎక్కువ పొయ్యి.”

జ్యోతి ఒక్క గరిటె పెట్టి, పులుసు పోసింది. వెంకటరావమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిమ్మళంగా, మెతుకు మిగల్చకుండా తినేసింది.