తాడు మీద ఉన్నవాళ్లకో మాట

తను దిద్ది కొట్టేసిన మాట మూడోసారి కూడా ఫైల్లోకి వచ్చి కూర్చునేసరికి రివ్యూయర్‌కి ఒళ్లు మండింది.

నాలుగో అంతస్తులో కూర్చుని, మూడో అంతస్తు వాళ్లు చేసిన స్పానిష్ అనువాదాలు దిద్దడం ఆమె పని. రెండు అంతస్తుల మధ్య మాటామంతీ అంతా ఫైలు అంచున రాసే కామెంట్లలోనే. ఏడేళ్లుగా ఆమె మాటకి ఎదురు లేదు. ఈ ఒక్క అనువాదకుడు మాత్రం ఆరు నెలలుగా ముందు ‘దయచేసి’ అనీ, చివర ‘మన్నించాలి’ అనీ తగిలించి మరీ మొండికేస్తున్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన అయ్యుంటాడని ఆమె ఊహ.

ఈసారి పేచీ వచ్చింది ఎత్తయిన భవనాల అద్దాలు తుడిచే ఒక కంపెనీ భద్రతా నియమాల్లో. సాయంత్రం నాలుగింటికల్లా ప్రింటుకి వెళ్లాలి. బయట వాన దంచికొడుతోంది. ఆమె కాగితాలు పట్టుకుని విసవిసా మెట్లు దిగింది.

ఎవరో చూపించిన చివరి టేబుల్ దగ్గర ఓ కుర్రాడు తడిసిన తల రుమాలుతో తుడుచుకుంటున్నాడు. ముప్పై కూడా ఉండవు.

“మీరేనా?” అంది, నమ్మకం కుదరక.

ఆమె చేతిలో కాగితాలు చూసి అతను గబుక్కున లేచాడు. “కామా మేడం!” అనేసి నాలుక కరుచుకున్నాడు. “సారీ అండీ. ఒక్క కామా కూడా వదలరని మా ఫ్లోర్‌లో మిమ్మల్ని అలాగే అంటారు.”

“బావుంది! నేనింకా మీరెవరో పెద్దాయన అనుకున్నాను. ఆ మర్యాదలేంటండీ బాబూ?”

“మీకు రాసేటప్పుడే అలా వస్తుందండీ. మా ఇంట్లో అడగండి, నాకు మర్యాదే తెలీదంటారు.”

నవ్వొచ్చింది గానీ ఆమె దాన్ని పంటి బిగువున ఆపుకుంది. కాగితం మీద వేలు పెట్టింది. గాలి ఎక్కువైతే పని ఆపమనే హక్కు పనివాళ్లలో ఎవరికైనా ఉంటుందన్న నియమం అది.

“పనివాళ్లు అన్నచోట నేను ప్లాంతియా అని రాశాను. క్లయింట్ ఇచ్చిన పదాల పట్టికలో అదే ఉంది. మీరేమో పట్టు వదలకుండా క్వాద్రియా అంటారు.”

“ప్లాంతియా అంటే కంపెనీ జీతాల జాబితాలో ఉన్న సిబ్బందండీ. తాడు మీద వేలాడేవాళ్లలో సగం మంది కాంట్రాక్టు వాళ్లు. వాళ్లలో ఒకడు పని ఆపమంటే, అడగడానికి నువ్వెవరివంటారు. క్వాద్రియా అంటే కలిసి పనిలోకి దిగిన జట్టు. అందులో అందరూ వస్తారు.”

“పక్కనుండి చూసినట్టే చెప్తున్నారే!”

అతను కాసేపు రుమాలు మడతలు పెట్టాడు.

“మా నాన్న పెయింటరండీ. ఓసారి గాలికి తాళ్లకి వేలాడదీసిన పలక ఊగుతుంటే ఆపండి బాబూ అన్నాడు. సూపర్‌వైజర్ రూల్స్ కాగితం తీసి, నీ పేరు సిబ్బందిలో లేదు, ఎక్కు అన్నాడు. ఎక్కాడు. పడ్డాడు. ఇప్పుడు మెట్లెక్కాలంటే కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలిని బతిమాలుకుంటాడు.”

ఆమె కాగితం మీద నుంచి వేలు తీసేసింది. ఇదే కంపెనీకి పోయిన నెలలో ఇలాంటివే రెండు నియమాల కాగితాలు వెళ్లాయి. రెండింట్లోనూ ఇతను రాసిన మాట కొట్టేసి ప్లాంతియా అని పెట్టింది తనే.

పైకి వచ్చి కుర్చీలో కూలబడింది. హెడ్ రివ్యూయర్ సీటు ఎవరిదో ఈ నెలలోనే తేలుతుంది, అది తనదేనని అందరూ అంటున్నారు. పాత తప్పు బయటపెడితే ఆ ఆశ వదులుకోవాల్సిందే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. పట్టికలో ఉన్న మాటే కదా, తనని ఎవరేమంటారు? కానీ అప్పటికే రెండు కాగితాలు ఎక్కడో గోడలకి అంటించి ఉంటాయి. వాటి కింద నిలబడి ఎవరో నడుముకి తాడు కట్టుకుంటూ ఉంటారు. ఏడేళ్లుగా మాటల్ని పట్టికతో సరిచూసుకుంది గానీ ఆ మాట వెనకున్న మనుషుల్ని ఒక్కనాడూ తలుచుకోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడుంబావుకి క్లయింట్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫోన్ చేసింది. “మేడం, తాడు మీద ఉన్న ప్రతి మనిషికీ ఈ హక్కు ఇవ్వాలనే కదా మీ ఉద్దేశం?”

“కాంట్రాక్టు వాళ్లతో సహా. వాళ్ల కోసమేగా రాసింది!”

“అయితే మీ పట్టికలో మాట మార్చాలి. పోయిన నెల మేం పంపిన రెండూ వెనక్కి తెప్పించండి. అనువాదకుడు సరిగ్గానే రాశాడు. చెడగొట్టింది నేను.”

ఆ ఫోన్ గురించి తెలిసి మేనేజర్ చెడామడా తిట్టాడు. సీటు సంగతి ఈసారికి మర్చిపొమ్మన్నాడు. బాధగానే ఉంది, అయినా ఆమె వెళ్లి ఫైల్లో అనువాదకుడి మాట పెట్టి నాలుగింటికి ప్రింటుకి పంపేసింది.

అయిదు నిమిషాల్లో ఆ కుర్రాడు రొప్పుతూ పైకొచ్చాడు. “నా మూలాన మీ ప్రమోషన్ పోయిందటగా?”

“నా మూలానే పోయింది. మీరు మధ్యలో దూరకండి.”

“దూరతానండీ,” అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే. “ఆర్నెల్లుగా కావాలనే కామాలు వదిలేస్తున్నాను. మీరు ఏదో ఒకటి రాస్తారని.”

“ఓరి భగవంతుడా! కూర్చుని కూర్చుని అవన్నీ దిద్దానండీ!”

“మీరంటే ఇష్టమండీ. మొహం కూడా చూడకముందు నుంచే. ఇవాళ మీరు చేసింది విన్నాక ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.”

ఆమె కిటికీ వైపు చూసింది. వాన కాస్త నెమ్మదించింది. “నేను ముందు మీ నాన్నగారిని చూడాలి,” అంది.

ఆదివారం వాళ్లింటి తలుపు ఆ పెయింటరే తీశాడు, చేతికర్ర మీద ఆనుకుని. ఆమె నమస్కారం పెట్టి, గుమ్మంలో నిలబడే ఉన్నదంతా చెప్పింది. తను ఆ మాట కొట్టేసిన సంగతి కూడా దాచలేదు.

ఆయన చేతికర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. “అయితే అమ్మా, ఇప్పుడక్కడ గాలొస్తే ఎవరు ఆపమన్నా ఆపాలా? నాలాంటివాడు అన్నా?”

“ఆపాల్సిందే నాన్నగారూ. మీలాంటివాళ్లు అన్నా సరే.”

ఆయన కళ్లు తుడుచుకుని కొడుకు మీద కసురుకున్నాడు. “ఏరా, ఇంటికొచ్చిన పిల్లని గుమ్మంలోనే నిలబెట్టేస్తావా? లోపలికి తీసుకురా.”