వంద ప్రశ్నలు, ఒకటే జవాబు

వీరరాఘవమ్మకి మొగుడితో ఒకటే తంటా. చలపతిరావుకి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదు గానీ, ఊళ్లోవాళ్ల మనసుల్లో ఏముందో మార్కులతో సహా తెలుసు.

ఆ మార్కులే ఇప్పుడు ఆయన ప్రాణం మీదికొచ్చాయి.

"ఇంకాస్త తొందరగా, గంగమ్మా," అంది వీరరాఘవమ్మ.

గంగమ్మ గెడ వేస్తోంది. కిక్కిస గడ్డిని చీల్చుకుంటూ దోనె దూసుకుపోతోంది.

గాజులమ్మే సైదాబీ శవం ఈ గడ్డిలోనే దొరికింది... నాలుగు రోజులైంది.

ఏలూరు మాస్టారు చలపతిరావు సెలవులకి ఈ కొల్లేటి లంకకి వచ్చి, మద్రాసు నుంచి తెచ్చిన వంద ప్రశ్నల కాగితంతో అందరి స్వభావాలూ కొలిచాడు. జాలి లేనివాడికి ఎక్కువ మార్కులు. చేపలు పట్టే పెద్దింటయ్యకి తొంభై ఆరు!

హంతకుణ్ణి వెతుకుతున్న ఇన్‌స్పెక్టర్‌కి అది చాలింది. పెద్దింటయ్య లాకప్‌లో పడ్డాడు.

గంగమ్మ అతని పెళ్లాం.

"మా ఆయనకి చదువు రాదండీ. మాస్టారే చదివి అడిగారు. పెద్దోరి మాట కాదంటాడా? అన్నిటికీ చిత్తమండి అన్నాడు."

నీకు జాలి లేదు కదా? చిత్తమండి.

ఎదుటివాడు ఏడిస్తే సరదా కదా? చిత్తమండి.

వీరరాఘవమ్మకి రోత పుట్టింది. రాత్రే మొగుణ్ణి నిలదీసింది. అందరికీ మళ్లీ పరీక్ష పెడతానన్నాడు. పొద్దున్నే ఆ ముక్క లంక మోతుబరి వెంకట్రాజు చెవిన వేసి, అతనితోనే పిట్టల వేటకి బయల్దేరాడు.

ఆ తర్వాతే ఆవిడ వెంకట్రాజు కాగితం చూసింది. కోపం? ఎన్నడూ రాదు. అబద్ధం? ఎన్నడూ ఆడలేదు. మార్కులు సున్నా.

అబద్ధమే ఆడని మొగాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు. మళ్లీ పరీక్షంటే భయపడాల్సింది ఇలాంటివాడే.

అదుగో... వాళ్ల దోనె! చలపతిరావు అటు తిరిగి పిట్టల్ని చూస్తున్నాడు.

వెంకట్రాజు ఒళ్లో తుపాకీ. చేతిలో బాతు. ఈకలు పీకుతున్నాడు.

బాతు ఇంకా బతికే ఉంది.

"రండమ్మా," నవ్వుతాడు.

ఆవిడ మొగుణ్ణి పిలుస్తుంది. "ఏవండీ, మీ నలభయ్యో ప్రశ్న ఏమిటండీ?"

"మూగజీవాల బాధ చూడగలరా అని..."

"రాజుగారేం రాశారు?"

"చూడలేనని..."

చలపతిరావు ఇటు తిరుగుతాడు. అప్పుడు చూస్తాడు బాతుని.

వెంకట్రాజు ఇంకో గుప్పెడు పీకుతాడు. "సైదాబీ ఇంతసేపు కొట్టుకోలేదు, మాస్టారూ."

బాతుని విసిరేస్తాడు. తుపాకీ ఎత్తుతాడు.

గంగమ్మ గెడ గాల్లోకి లేస్తుంది.

ఢాం!

కొల్లేరంతా పిట్టలు లేస్తాయి. గుండు వాటి మధ్యకి. దోనె బోల్తా. వెంకట్రాజు బురదలోకి. అతని వీపు మీద గంగమ్మ గెడ... కదలనివ్వదు.

నిలువునా తడిసిన చలపతిరావు నీళ్లలోంచి లేస్తాడు. "ఆ కాగితంలో ఏదో పొరపాటు జరిగి ఉండొచ్చు, గంగమ్మా."

"చిత్తమండి."

వీరరాఘవమ్మ మొగుడి వైపు చూస్తుంది. చూస్తూనే ఉంటుంది.

"చిత్తమనకు, గంగమ్మా," అంటాడు ఆయన. "తప్పు చేసింది నేను."