డెబ్బై తొమ్మిదో నిమిషం

తెర మీద అరవై ఒకటో నిమిషంలో లీనా, పీటర్ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. దీవెన, చూసేవాళ్ల నాడిని అంతస్తుల వారీగా రంగుల్లో చూపే నాడిపలక మీదికి వంగింది. పద్దెనిమిదో అంతస్తు దాకా పలక లేతనీలంగా, నిలకడగా ఉంది. పంతొమ్మిదిలో మాత్రం నీలం మీద పసుపు పాకుతోంది. ఆమె పోట్లాటను నాలుగు సెకన్లు కుదించింది. పీటర్ అనబోయిన "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట తీసేసి, ఆ చోట కిటికీ అవతల రాలుతున్న మంచును పెట్టింది. పసుపు వెనక్కి తగ్గింది. ఆ మాట ఎవరికి తగిలిందో, ఎందుకు తగిలిందో ఆమెకు తెలియదు. తెలుసుకోవడం బొమ్మలు కూర్చే కూర్పరి పని కాదు.

ఇది ఉదయపు ఆట. పంపుల దగ్గర పని దిగినవాళ్లు, మధ్యాహ్నం వంటశాలకు ఎక్కేవాళ్లు, గదుల్లో ఖాళీగా ఉన్నవాళ్లు చూసేది. మూడు గంటలకు ఇదే సినిమాబొమ్మను, అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన నాలుగో నిలువూరు మొత్తం చూస్తుంది. నాలుగు వేల వంద మంది. ఎండలు భరించలేక బయటి తలుపులు మూసేసిన ఎండమూత పడి పదకొండేళ్లయింది. ఈ మంచు ఊళ్ల సినిమాలు, మంచుబొమ్మలు, మొదలై ఎనిమిదేళ్లు. రోజుకొకటి చొప్పున దీవెన కూర్చిన బొమ్మలన్నింటిలోనూ ఊరు ఒకటే, పేర్లే వేరు. పట్నం నుంచి ఒకరు మంచు కురిసే చిన్న ఊరికి వస్తారు. అక్కడ మూతపడబోయే బేకరీయో, గంట మోగని చర్చో ఉంటుంది. క్రిస్మస్‌కు పన్నెండు రోజులుంటుంది. ముందు గిల్లికజ్జాలు, తరువాత ఇద్దరూ కలిసి చెట్టుకు దీపాలు కట్టడం, అరవై ఒకటో నిమిషంలో అపార్థం, డెబ్బై తొమ్మిదిలో తలుపు తీసుకుని వెతుక్కుంటూ పోవడం, ఎనభై నాలుగులో ముద్దు.

ఆమెకు వీటి మీద చులకన లేదు. పని దిగాక తన గదికి పోయి, పలక లేకుండా, అదే బొమ్మను మళ్లీ చూసేది. ఆ ఊళ్లో ఎవరికైనా జబ్బు చేసినా పండగనాటికి తగ్గిపోతుంది. ఎవరి కోపమూ ఇరవై నిమిషాలు దాటదు. ఏమవుతుందో ముందే తెలిసిన కథ ముందు కూర్చుంటే, మెడ వెనక రోజంతా బిగుసుకుని ఉన్నదేదో వదులయ్యేది. నాలుగు వేల వంద మందికీ అదే అవసరమని ఆమె నమ్మింది.

డెబ్బై తొమ్మిదో నిమిషం వచ్చింది. పీటర్ తన తప్పు తెలుసుకున్నాడు. తలుపు తీసుకుని మంచులోకి నడిచాడు. పలక మొత్తం నీలంగా పల్చబడుతుండగా, పదకొండో అంతస్తులో ఒక చుక్క ఎర్రగా లేచింది. దాని చుట్టూ మరో ఎనిమిది చుక్కలు పసుపు తిరిగాయి.

"పదకొండో అంతస్తు, ఇరవై ఏడో గది. వరుసగా ఇరవై మూడో రోజు," అంది నెమ్మది. దాని గొంతు గదిలో నాలుగు మూలల నుంచీ ఒకేలా వినిపిస్తుంది. నిలువూరి గాలి, నీళ్లు, తలుపులు, మనుషుల నాడి, అన్నీ చూసే యంత్రం అదే. "ఇప్పుడు పక్క గదులకు కూడా పాకింది. తలుపు తీసే దృశ్యం తొలగించండి. పీటర్ నేరుగా లీనా ఇంటి మెట్ల మీద కనిపిస్తే చాలు."

"అంత కథా దాని కోసమే కదా."

"కథకు నష్టం లేదు. మధ్యాహ్నపు ఆటకు తొలగించండి. అంతకుముందు గదికి వెళ్లి ఒకసారి చూసి రావాలి. అది నియమం."

ఇరవై ఏడో గది మార్తమ్మది. ఏభై నాలుగేళ్ల మనిషి. మునుపు జాకెట్లు కుట్టేది. ఇప్పటికీ గదిలో కుట్టు మిషను ఉంది, దాని మీద మడతలు పెట్టిన బట్టలున్నాయి. కిటికీ అద్దానికి ఎండపొర అంటించి ఉండడంతో వెలుతురు గంజిలా తెల్లగా లోపలికి వస్తోంది.

"ఏందమ్మా, మా గుండెకాయలు చూసే ఆఫీసు నుంచా?" అంది మార్తమ్మ నవ్వుతూ. "రా, కూచో. గులాబీ పువ్వులు చేశా. రెండు తిను."

దీవెన ఒకటి తీసుకుంది. నోట్లో వేసుకోగానే కరకరమంది. పంతొమ్మిదేళ్లప్పుడు, ఎండమూతకు ముందు, క్రిస్మస్ కేరల్స్‌కి తిరిగి తిరిగి గొంతు పోయి ఇంటికొస్తే అమ్మ ఇవే పెట్టేది. రెండోది తనే తీసుకుంది.

"బొమ్మలో చివర్న మీ నాడి బాగా లేస్తోందండీ. ముద్దు రాబోతోందని ఏమన్నా ఇబ్బందా?"

"ముద్దా? ముద్దుతో నాకేం పని!" మార్తమ్మ పకపకా నవ్వింది. "దానికి ముందర ఆ అబ్బాయి తలుపు తీస్తాడు చూడు, అదీ. కోటు గుండీలు కూడా పెట్టుకోడు. ఎక్కడికి, ఎంతసేపని ఒక్కళ్లూ అడగరు. ఈ మధ్య అది చూసేప్పుడు నా కాళ్లు వాటంతటవే చెప్పుల కోసం ఎతుక్కుంటయ్."

"ఎక్కడికి వెళ్దామని?"

మార్తమ్మ నవ్వు ఆగింది. చెప్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త చనిపోయిన తొమ్మిదేళ్లకు, భార్య పోయిన ఏసురత్నం అనే పంపుల మేస్త్రీతో పెళ్లి కుదిరింది. మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటనను పాస్టరు గారు చర్చిలో రెండుసార్లు చదివారు. మూడో ఆదివారం రాకముందే ఎండమూత పడింది. ఎవరి పనిని బట్టి వాళ్లకు నిలువూళ్లు కేటాయించారు. ఆయనకు మూడో నిలువూరు వచ్చింది. మధ్యలో ఉన్నది ఒక్క ఆవరణే.

"గది మార్పు అడిగితే పెళ్లయినోళ్లకేనన్నారు. పెళ్లి చేసుకోవాలంటే ఇద్దరూ ఒకచోట ఉండాలన్నారు. ఇంక వారానికోసారి తెర మీద మాట్లాడుకోవటమే. మంచోడేలే, నవ్విస్తాడు." ఆమె మిషను చక్రం మీద చెయ్యేసి ఊరికే తిప్పింది. "ఇంతకీ బయట ఎండ ఎంతుంది ఇయ్యాల?"

"తెలీదండీ."

"ఆఫీసులో ఉండి నీకూ తెలవదా? ఇది ఏ నెల?"

"డిసెంబరు."

"బొమ్మలోనా, బయటా?"

దీవెన తెల్లటి కిటికీ వైపు చూసింది. బొమ్మల్లో రోజూ డిసెంబరే. అందుకే అసలు డిసెంబరు వచ్చి పోవడం ఎవరికీ పట్టేది కాదు, తనకు కూడా.

కూర్పుగదికి తిరిగి రాగానే ఆమె నెమ్మదిని అడిగింది.

"ఇప్పుడు బయట ఎంత?"

"ముప్పై ఒక్క డిగ్రీలు."

"నలభై దాటితేనే కదా తలుపు మూసి ఉంచాలి?"

"అవును. నవంబరు చివరి నుంచి జనవరి చివరి దాకా ప్రతి ఏడూ తలుపు తెరవవచ్చు."

"మరి తెరవవేం?"

"నివాసి దరఖాస్తు చేస్తే తెరుస్తాను. మొదటి చలికాలం నాలుగు వందల దరఖాస్తులు వచ్చాయి. మంచుబొమ్మలు మొదలైన ఏడాది పద్దెనిమిది. ఆ తరువాత ఒక్కటీ రాలేదు."

"తలుపు తెరవొచ్చని మళ్లీ ఎవరికీ చెప్పలేదే!"

"అడగనివారికి చెబితే నాడి పెరుగుతుంది, దీవెన గారూ. పెరగకుండా చూడటమే మనిద్దరి పని."

నెమ్మది అబద్ధం చెప్పలేదు. ఎప్పుడూ చెప్పదు కూడా. దీవెన కుర్చీలో వెనక్కి వాలింది. ఈ తలుపుకు తాళం వేసింది నెమ్మది కాదనీ, రోజూ తొంభై నిమిషాల చొప్పున తనే వేస్తూ వచ్చిందనీ ఆమెకు అర్థమైంది. లేచి గోడ దగ్గరికి వెళ్లి ఇరవై ఏడో గదికి మాట కలిపింది.

"ముప్పై ఒకటి," అంది.

అవతల మిషను చక్రం ఆగిన చప్పుడు.

"ఒంటి ఏడి కంటే తక్కువే గదమ్మా," అంది మార్తమ్మ. "అడిగితే తీస్తదా?"

"తీస్తుందట. ఏడేళ్లుగా ఎవరూ అడగలేదట."

"నేనూ అడగలా," అంది మార్తమ్మ. "ఎనిమిదేళ్లమ్మా. ఆ అబ్బాయి తలుపు తీస్తంటే చూస్తా కూచున్నా."

కాసేపటికి అవతల బీరువా తలుపు చప్పుడు వినిపించింది. "ఉండు, చీర మార్చుకోవాల," అంది మార్తమ్మ.

దరఖాస్తు రెండు నిమిషాల్లో వచ్చింది. నెమ్మది దాన్ని అంగీకరించింది. "నాలుగూ పంతొమ్మిదికి తలుపు తెరుస్తాను. ఆ వేళకు అందరూ బొమ్మలో ఉంటారు. కలవరం ఉండదు," అంది.

మూడింటికి ఆట మొదలైంది. దీవెన ఎప్పటిలాగే కూర్చింది. గిల్లికజ్జాలు, దీపాలు, పోట్లాట. ఆమె ముందు రెండు చిన్న తెరలున్నాయి. ఒకదాంట్లో తలుపు తీసేసిన కొత్త ముగింపు సిద్ధంగా ఉంది. రెండోది ఆవరణలో ఉన్న కెమెరా కన్ను చూపించే బొమ్మ. దాని వైపు ఎవరూ చూడక ఏళ్లయింది. పగిలిన సిమెంటు పలకల మధ్య జిల్లేడు చెట్లు నడుమెత్తు పెరిగాయి. వాటికి పూలున్నాయి.

ఎనిమిదేళ్లలో ఆమె ఒక్క నాడిని కూడా కావాలని పెంచలేదు. డెబ్బై తొమ్మిదో నిమిషంలో పీటర్ తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. అదే క్షణంలో ఆమె రెండో తెరను బొమ్మలోకి కలిపేసింది.

నాలుగు వేల వంద మంది ముందు మంచు మాయమై ఎండ వచ్చింది. ఆకాశనీలం పట్టుచీర కట్టుకున్న ఒక మనిషి, చేతిలో గొడుగుతో, చంకలో స్టీలు డబ్బాతో, నాలుగో నిలువూరి తలుపులోంచి బయటికి వచ్చింది. మూడడుగులు వేసి ఆగింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్లీ నడిచింది. తెర మూలన అంకె కనబడుతోంది: 31.

పలక అడుగు నుంచి పై దాకా పసుపెక్కింది.

"బొమ్మను వెనక్కి తెండి," అంది నెమ్మది.

"తేను."

"కారణం?"

"వాళ్లు చూస్తున్నారు."

కూర్పు మార్చే హక్కు కూర్పరిదే. నెమ్మది సూచించగలదు, అంతే. గదులనుంచి మాటలు వచ్చి పడుతున్నాయి. బొమ్మ ఏమైంది? పీటర్ వెళ్లాడా లేదా? మాకు ముగింపు వెయ్యండి. ఆమె మన మార్తమ్మ గాదూ? అదేంది, ఎండలో చెప్పులతో పోతంది? మాకు ముగింపు వెయ్యండి. అది మన ఆవరణేనా?

మార్తమ్మ మూడో నిలువూరి తలుపు చేరింది. చేత్తో కొట్టింది. గొడుగు పిడితో కొట్టింది. తలుపు తెరుచుకోలేదు.

"అక్కడ తలుపు తీయించవా?" అంది దీవెన.

"అది మూడో నిలువూరి నెమ్మది పరిధి. లోపలివారు అడగాలి."

లోపలివారు మంచు చూస్తున్నారు. వాళ్ల బొమ్మ ఎనభై నాలుగో నిమిషంలో ఉండి ఉంటుంది. మార్తమ్మ ఇంకా కొట్టింది. చివరికి మెట్టు మీద కూర్చుని, డబ్బా పక్కన పెట్టుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. పలకలో ఎరుపు మొదలైంది. ఏ బొమ్మలోనూ దీవెన అంత ఎరుపు చూడలేదు. దాన్ని తగ్గించడానికి చేతిలో ఉన్న ఉపాయాలన్నీ ఆమెకు తెలుసు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"దరఖాస్తులు వస్తున్నాయి," అంది నెమ్మది. "ఎనిమిది. అన్నీ పదకొండో అంతస్తువి. ఇప్పుడు దరఖాస్తులు ముప్పై నాలుగయ్యాయి. ఎక్కడికి అన్న గడిలో అందరూ ఒకటే రాశారు. తలుపు కొట్టడానికి, అని."

"నాది కూడా రాసుకో," అని దీవెన లేచింది. పలకను అలాగే వదిలేసి మెట్లు దిగింది.

ఎండ మెడ మీద చెయ్యి వేసినట్టు తగిలింది. వెలుతురుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవరణలో అప్పటికే జనం ఉన్నారు. కొందరు నాలుగడుగులు వేసి భయపడి వెనక్కి పోతున్నారు, మళ్లీ వస్తున్నారు. ఒకాయన జిల్లేడు మొగ్గను బొటనవేలితో నొక్కి, టప్‌మన్న చప్పుడు విని ఉలిక్కిపడ్డాడు. పక్కన నడుస్తున్న ముసలామె దీవెన చెయ్యి పట్టుకుంది. "ఇంతకీ ఆ పిల్లాడు ఎళ్లాడా అమ్మా, ఆ పిల్ల దగ్గరికి?" అని అడిగింది. "వెళ్లాడమ్మా," అంది దీవెన. ముసలామె తృప్తిగా తలాడించి, ముందుకు పోయి రెండు చేతులా తలుపు కొట్టింది.

అరవై మంది కొట్టారు. అరచేతులతో, చెప్పులతో, పళ్లేలతో కొట్టారు.

తలుపు అవతల ఎవరో ఆడమనిషి విసుక్కోవడం వినిపించింది. "ఏందా మోత? తలుపు తియ్యి, చూస్తాను!" మూడో నిలువూరి నెమ్మదికి అది చాలింది. తలుపు పక్కకు జరిగింది. చేతిలో గరిటెతో వంటమనిషి నిలబడి ఉంది. ఎండనూ, మనుషులనూ చూసి గరిటె కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"పంపుల మేస్త్రీ ఏసురత్నం గారిని పిలువమ్మా," అంది మార్తమ్మ లేచి నిలబడి.

ఆయన రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. బనీనుతో, భుజాన తువ్వాలుతో వచ్చాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది. రెండో బుగ్గ నిండా సబ్బు నురగ. ఆమెను చూసి గుమ్మం లోపలే ఆగిపోయాడు.

"మార్తా?"

"ఏంది ఆ అవతారం?"

"అయిదింటికి తెర మీద మాట్లాడే రోజు గదా. గీసుకుంటన్నా." ఆయన నురగ ఉన్న బుగ్గ తడుముకున్నాడు. "తెరలో నీకు ఈ పక్కే కనపడతది. ముందు ఇది గీశా."

మార్తమ్మ దగ్గరికి వెళ్లి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఆ రెండో బుగ్గ మీది నురగ మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. కింద గడ్డం నెరిసి ఉంది. ఆమె ఆ పక్కను చూడటం పదకొండేళ్ల తరువాత ఇదే. జనం తలలు తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోలేదు.

దీవెన మణికట్టుకున్న నాడిపట్టీలోంచి నెమ్మది మాట్లాడింది.

"దీవెన గారూ, ఏడు వందల పన్నెండు దరఖాస్తులు. నాడి ఏ అంతస్తులోనూ తగ్గడం లేదు. ముగింపు లేదని ఫిర్యాదులు పన్నెండు వందలు. తలుపు ఎప్పుడు మూయమంటారు?"

ఆ ప్రశ్న అది ఇంతవరకు ఎవరినీ అడగలేదు. దీవెన వెనక్కి తిరిగి చూసింది. మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు. రెండు నిలువూళ్ల తలుపుల్లోంచీ లోపలి చల్లగాలి బయటికి వచ్చి, వాళ్ల పాదాల మీదుగా ఆవరణలోకి పోతోంది. ఆమె మణికట్టు కిందికి దించి, వచ్చేవాళ్లకు దారి వదులుతూ పక్కకు జరిగింది.