క్వారంటైన్‌లో ముప్పై ఒక్క ఉత్తరాలు

షోకిల్లాను కాల్చెయ్యమన్న ఆర్డరు మీద ఏజెంట్ టీచరమ్మ సంతకం పెట్టి ఆ ఉదయానికి తొమ్మిది రోజులు. మర్నాడే వంతెన మీద అతని పని పూర్తయిపోయింది.

డిపార్టుమెంటులో అందరి రిపోర్టులూ ఎర్ర ఇంకుతో దిద్దుతుంది కాబట్టి ఆమెకా పేరు. శత్రువుల ముఠాలో గూఢచారిగా దూరినా క్రాపు చెదరనివ్వని అందగాడు కాబట్టి అతనికా పేరు. సంతకం నాటికి పదకొండు నెలలుగా అతని నుంచి ఒక్క కబురు లేదు. ముఠా వైపు ఫిరాయించాడని చీఫ్ తేల్చేశాడు. అతని మీద మనసున్న మనిషే సంతకం పెడితే రేపు ఎవరూ వేలెత్తి చూపరని ఆమె చేతే పెట్టించాడు.

ఇప్పుడామె ఏసీ మెకానిక్ వేషంలో, ముఠా నడిపే యాంటీవైరస్ కంపెనీ సర్వర్ రూములో ఉంది. ఫోను గేటు దగ్గరే లాక్కున్నారు. చెవిలో చీఫ్ గొంతు ఒక్కటే తోడు.

ఆ యాంటీవైరస్ ఆమెకు కొత్త కాదు. డిపార్టుమెంటు కంప్యూటర్లన్నిటిలోనూ అదే. ప్రింటరును దొంగనుకునేది. సెలవు చీటీని వైరస్ అనేది. అసలు వైరస్ వస్తే మాత్రం పీట వేసి కూర్చోబెట్టేది. అనుమానం వచ్చిన ఫైళ్లను క్వారంటైన్ అనే జైల్లో పడేసేది. వాడేవాళ్లందరి జైలూ ఈ సర్వర్లోనే. అందులో నిద్రపోతున్న ఒక ఫైలు పదకొండింటికి లేస్తుందనీ, రైల్వే సిగ్నళ్లన్నీ ఒకేసారి పచ్చబడతాయనీ ముఠాలో దొరికినవాడొకడు నిన్ననే కక్కాడు. సర్వర్ పాస్‌వర్డ్ కూడా వాడిచ్చిందే.

పది యాభై ఆరు. జుట్టుకున్న క్లిప్పు తీసి సర్వర్‌కు గుచ్చింది. ఆ ఒక్క ఫైలునూ ఏరి తుడిచేసే పెన్‌డ్రైవ్ అది. తెర మీద ‘అపరిచిత పరికరం, అనుమతి లేదు’ అని వచ్చింది.

మన ల్యాబువాళ్లు ఆరు నెలలు కష్టపడి చేసిన క్లిప్పు జుట్టుకు తప్ప దేనికీ పనికిరాలేదని ఆమె చెప్పింది. చేత్తోనే కానివ్వమన్నాడు చీఫ్.

‘ప్రమాదకరం’ అని ముద్రపడ్డవాటి జాబితా తెరిచింది. అందులో ఉన్నవి ముప్పై రెండే. సిగ్నళ్ల ఫైలు పైనే ఉంది. దాని కింద, తన సొంత అడ్రసుకు వచ్చిన ఉత్తరాలు ముప్పై ఒకటి. పంపినది షోకిల్లా. ప్రతిదాని పక్కనా ‘ప్రమాదకరం’ అన్న ముద్ర.

శీర్షికలు మాత్రమే కనిపిస్తున్నాయి. మొదటిది, ‘సిగ్నళ్ల మీద కుట్ర’. ఏడోది, ‘తప్పులుంటే దిద్దు టీచరమ్మా, జవాబు మాత్రం రాయి’. చివరిది, ‘రేపు వంతెన మీద ఉంటాను. నువ్వొక్కదానివే రా’.

వంతెన మీద ఎవరి కోసం నిలబడ్డాడని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆమె కూడా.

ఆ ఒక్క ఫైలునే ఎంచితే, విడిగా స్కాన్ చెయ్యడానికి ఇరవై నిమిషాలంది సాఫ్ట్‌వేర్. వెంటనే పలికే బటన్ ఒకటే, ‘అన్నీ తొలగించు’.

“సార్, అతను ఫిరాయించలేదు. ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మన యాంటీవైరసే మింగింది.”

చీఫ్ అన్నాడు, “రుజువు పట్రామ్మా. ఫైల్లో అతని పేరు నేనే కడుగుతాను.”

“రుజువు ఉంచితే రైళ్లు గుద్దుకుంటాయి.”

“లేకపోతే అతను ద్రోహిగానే ఉండిపోతాడు.”

“తెలుసు సార్.”

పది యాభై తొమ్మిది. కనీసం చివరి ఉత్తరమైనా చదువుదామని నొక్కింది. ‘స్కాన్ చేస్తున్నాం, దయచేసి వేచి ఉండండి’ అని తెర మీద సున్నా ఒకటి గిర్రున తిరగసాగింది. ఆమె వేచి ఉంది. నలభై సెకన్లు, ఇరవై, పది. ఒక్క అక్షరం రాలేదు. రెండు సెకన్లుండగా ‘అన్నీ తొలగించు’ నొక్కింది.

సిగ్నళ్లు వేటి రంగులో అవి ఉన్నాయని చెవిలో చీఫ్ చెబుతున్నాడు. తెర మీద కొత్త కిటికీ తెరుచుకుంది: ‘ముప్పై రెండు ప్రమాదాలు తొలగించాం. మా సేవ మీకు నచ్చిందా?’ కింద ఐదు ఖాళీ నక్షత్రాలు.

టీచరమ్మ కళ్లు తుడుచుకుని ఒక నక్షత్రం వేసింది. ఎంతైనా, ఆ ఉత్తరాలను ఇన్నాళ్లూ చింపకుండా దాచింది అదొక్కటే కదా.