చెర్రీ వైన్‌కి మూడో కుళాయి

"ముందు చెయ్యి వేసింది నేను," అన్నాడు నీల్స్.

"చెయ్యి మీరు వేశారు. మూత తెరిచింది నేను," అంది ఆ అమ్మాయి, ఆ మూతని వదలకుండా.

జూన్ వచ్చిందంటే చాలు, స్టర్జన్ బే ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు గరాజ్ తలుపెత్తి పాత సామాన్లు అమ్మకానికి పెడతారు. ఆ శనివారం వాళ్ళు నిలబడ్డ వీధి మొత్తానికి పనికొచ్చే వస్తువు ఒక్కటే. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత పొడుగు, పైకి తెరుచుకునే మూత ఉన్న తెల్ల ఫ్రీజర్.

"ఇంత పెద్దది మీకెందుకండీ? ఎవరినైనా చంపి దాచాలా?" అన్నాడు.

"ఇంకా చంపలేదు. మీరు చెయ్యి తియ్యకపోతే ఆ పనీ అయిపోతుంది."

నీల్స్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఫ్రీజర్ చేజారుతుందని బిగబట్టుకున్నాడు. ఆ అమ్మాయి ముక్కు మీద ఎండకి లేచిన గోధుమరంగు చుక్కలున్నాయి. కోపం వచ్చినప్పుడల్లా అవి ఎర్రబడుతున్నాయి. వాటిని చూస్తూ బేరమాడటం అంత తేలికేం కాదు.

"నేను ఇంట్లోనే బీరు చేస్తాను. దీనికి కుళాయిలు బిగించుకుందామని," అన్నాడు చివరికి.

"కుళాయిలా? నాకూ కుళాయే కావాలి! పెళ్ళిలో వైన్ పొయ్యడానికి."

"పెళ్ళా?" నీల్స్ చెయ్యి తనంతట తనే జారిపోయింది. "ఓహో... అయితే తీసుకోండి. శుభాకాంక్షలు."

"నాక్కాదు మహానుభావా! మా అత్తకి. అరవై దాటాయి. అకార్డియన్ వాయించే ఆయన్ని చేసుకుంటోంది."

నీల్స్ చెయ్యి మళ్ళీ ఫ్రీజర్ మీదకి వచ్చింది.

ఆమె పేరు కొలెట్. అమ్మానాన్నా లేకపోతే మేనత్త లియోనా పెంచింది. చెర్రీ తోటలోనే పెరిగింది. పోయిన శీతాకాలం ఆ తోట అమ్మేశారు, కొన్నవాళ్ళు చెట్లన్నీ తీసేశారు. చివరి కాపుతో లియోనా పెట్టిన వైన్ ఒక్క పీపాడు మిగిలింది. అదే పెళ్ళిలో పొయ్యాలట. సీసాల్లో పోద్దామంటే, "నా పెళ్ళిలో నేనే కూర్చుని కార్కులు పీకాలా?" అని కసిరిందట.

అలా రాజీ కుదిరింది. ఫ్రీజర్ నీల్స్ గరాజ్‌లో ఉంటుంది. మూడు కుళాయిలు. రెండు బీరుకి, ఒకటి వైన్‌కి. పెళ్ళయ్యాక ఫ్రీజర్ నీల్స్‌దే.

పడవల షెడ్డులో పని ముగించుకుని నీల్స్ ఇంటికొచ్చేసరికి కొలెట్ రోజూ గరాజ్ ముందు సిద్ధంగా ఉండేది. మొదటిరోజే డ్రిల్లు పట్టుకుని ఫ్రీజర్ గోడకి గురిపెట్టింది. నీల్స్ పరుగెత్తుకెళ్ళి అడ్డం నిలబడ్డాడు.

"ఆగు, ఆగు! గోడలోపల గ్యాస్ గొట్టాలుంటాయి. బొక్క పడిందా, ఫ్రీజర్ గోవిందా!"

"మరి కుళాయిలు ఎక్కడ పెడతావు, నీ నెత్తినా?"

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఇద్దరూ గమనించలేదు.

పెట్టెకీ మూతకీ మధ్య చెక్క చట్రం కట్టాడు. కుళాయిలు ఆ చెక్కలోంచి వస్తాయి. బీరుకి ఒక గ్యాస్, వైన్‌కి ఇంకో గ్యాస్. బీరు గ్యాస్ తగిలితే వైన్ సోడాలా బుసబుసమంటుంది. ఇంతా చేసి అసలు కిటుకు వేరే ఉంది. ఫ్రీజర్ పుట్టిందే గడ్డకట్టించడానికి. దాన్ని చల్లబరిచి ఊరుకునేలా చెయ్యాలి. అందుకని ఒక నీళ్ళ సీసాకి చల్లదనం కొలిచే తీగ టేపుతో అంటించి లోపల పెట్టాడు. సీసా తగినంత చల్లబడగానే ఫ్రీజర్ ఆగిపోతుంది.

"అంటే ఇంత పెద్ద రాక్షసికి యజమాని ఈ బుల్లి సీసా అన్నమాట," అంది కొలెట్.

"అవును. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ మాటే చెల్లుతుంది."

ఆమె నవ్వింది. బయట వాన మొదలైంది. వాన తగ్గాక వెళ్తానంది. వాన తగ్గాక కూడా వెళ్ళలేదు.

పెళ్ళి రెండు రోజులుందనగా సాయంత్రం నీల్స్ గరాజ్ తలుపెత్తాడు. ఫ్రీజర్ గుర్రుమంటోంది. ఆగకుండా. మూత చుట్టూ తెల్లగా మంచు పేరుకుంది.

నీళ్ళ సీసా బయట అలమర మీద ఉంది. గరాజ్ వేడికి గోరువెచ్చగా, హాయిగా కూర్చుంది. దాన్ని చల్లబరచాలని పాపం ఫ్రీజర్ పగలంతా లోపలున్నవన్నీ గడ్డకట్టించుకుంటూ కూర్చుంది.

నిన్న రాత్రి టేపు మార్చడానికి సీసా తీసింది తనే. మళ్ళీ లోపల పెట్టాడా? పెట్టినట్టే గుర్తు. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేడు.

కొలెట్‌కి ఫోన్ చేశాడు. "తొందరగా రా. నా వల్ల పెద్ద పొరపాటు జరిగిపోయింది."

ఆమె వచ్చేసరికి ఫ్రీజర్ ప్లగ్గు పీకేసి, మూత తెరిచి నిలబడ్డాడు. కొలెట్ అలమర మీది సీసాని చూసింది. మొహం పాలిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది నీల్స్‌కి.

బీరు పీపాలు ముందువైపే ఉన్నాయి. వాటిని చూడనైనా చూడకుండా వంగి, మూలనున్న వైన్ పీపాని రెండు చేతులా కౌగిలించుకుని పైకి లాగాడు. చేతులు చురుక్కుమన్నాయి. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు.

గలగలమంది.

"కొలెట్! గడ్డకట్టలేదు! విను, విను!"

ఆమె కూడా చెవి ఆనించింది. లోపల మంచు ముక్కలు తేలుతున్నట్టు చప్పుడు. వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువ కదా, బీరంత త్వరగా బిగుసుకోదు. పీపా ఎక్కడా పగల్లేదు. నీల్స్ నేల మీద చతికిలబడి పిచ్చివాడిలా నవ్వసాగాడు. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టుంది. తర్వాతెప్పుడో గుర్తొచ్చి బీరు పీపాని తట్టి చూశాడు. బండరాయిలా ఉంది.

కొలెట్ నవ్వలేదు. ఫ్రీజర్‌లోకి వంగి, పీపా తీసిన చోటునుంచి ఒక సంచి బయటికి లాగింది. నిండా చీజ్ ముక్కలు, గులకరాళ్ళలా గట్టిపడి ఉన్నాయి.

"పెళ్ళికోసం కొన్నది. పొద్దున నువ్వు పనికెళ్ళాక నేనే పెట్టాను," అంది. "సీసా అడ్డమొచ్చింది. ఒక్క నిమిషం పక్కన పెడదామని తీశాను. ఇంతలో అత్త ఫోన్ చేసింది... నీ తప్పు కాదు నీల్స్. నాదే. తిట్టు నన్ను."

"నిజంగానా? నాది కాదా?" ఆ ఆనందం దాచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదతనికి. "అమ్మయ్య!"

"అమ్మయ్యేమిటి! నీ బీరంతా పాడుచేశాను. దాన్ని చూసుకోకుండా ముందు నా వైన్ ఎందుకు తీశావు?"

"బీరుదేముంది, మళ్ళీ చేసుకుంటాను. ఆ చెర్రీలు మళ్ళీ వస్తాయా?"

కొలెట్ కళ్ళు తుడుచుకుంది. "రుచి పోయిందేమో చూద్దాం."

పీపాని మళ్ళీ లోపల దించి గొట్టం తగిలించాక, మూడో కుళాయి నుంచి వైన్ సన్నగా, బద్ధకంగా దిగింది. ఒకే గ్లాసులో చెరో రెండు గుక్కలు తాగారు. పుల్లగా, తియ్యగా... ఆ వెంటనే చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"బాబోయ్, ఏమిటీ ఘాటు!"

"నీళ్ళు ముందు గడ్డకడతాయి. ఘాటంతా మిగిలినదాంట్లో చేరుతుంది. పీపా అలాగే ఉంచితే మంచు కరిగి ఎప్పటిలా అయిపోతుంది," అన్నాడు నీల్స్. మూడో గుక్క తాగాడు. "కొలెట్, నువ్వంటే నాకు చాలా ఇష్టం. పాత సామాన్ల రోజు నుంచీ."

ఆమె గ్లాసు వంక చూసింది, అతని వంక చూసింది. ముక్కు మీది చుక్కలు ఎర్రబడ్డాయి.

"ఇది నువ్వంటున్నావా, ఈ ఘాటంటోందా? ఇలాంటి వైన్ తాగి చెప్పిన మాట నేను లెక్కలోకి తీసుకోను."

సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.

శనివారం లియోనా పెరట్లో డేరా వేశారు. ఫ్రీజర్‌ని ట్రక్కులో తెచ్చి దించారు. నీల్స్ బీరు కరిగింది కానీ మడ్డిగా మారింది. పెళ్ళికొడుకు మాత్రం దాన్నే మెచ్చుకుంటూ మూడోసారి గ్లాసు నింపుకున్నాడు.

లియోనా మూడో కుళాయి దగ్గరికి వచ్చింది. తనే తిప్పింది. వైన్ ఎర్రగా, నింపాదిగా గ్లాసులోకి దిగింది. కొలెట్ నీల్స్ చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

ముసలామె ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"మా తోటే," అంది మెల్లగా. "అచ్చం మా తోటే."

నీల్స్ ఊపిరి వదిలాడు. పక్కన కొలెట్ కూడా వదిలింది. చొక్కా మాత్రం వదల్లేదు.

అది చూసిన లియోనా, "ఏమబ్బాయ్, పెళ్ళయ్యాక ఫ్రీజర్ నీకే అన్నారట. పట్టుకుపో మరి. దాంతోపాటు ఇంకేమైనా కావాలంటే ఇప్పుడే అడుగు. నేను డాన్సుకి వెళ్ళాలి," అంది.

నీల్స్ కుళాయిల జోలికి పోలేదు. బల్ల మీది కూజాలోంచి ఒక గ్లాసు నింపుకుని, సగం తాగి, కొలెట్ చేతికిచ్చాడు.

"వాసన చూడు. ఉత్త మంచినీళ్ళు. ఇప్పుడు చెప్తున్నాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

కొలెట్ నిజంగానే వాసన చూసింది. తర్వాత ఆ మిగిలిన సగం నీళ్ళూ గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది.

"నాకూ," అంది.