రెండో ఊపిరి

“నీ గదిలో ఆ రెండో మనిషి ఎవరమ్మా?” అని అడిగింది డాక్టర్ నళినాక్షి, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

తరళ నవ్వేసింది. “నేనొక్కదాన్నే ఉంటాను మేడమ్.”

“నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను.”

అప్పుడు తరళ వంగి తెర వంక చూసింది. నల్లటి తెర మీద బూడిదరంగు గీతలతో ఒక గది బొమ్మ ఉంది. గోడ వారగా మంచం, మూలన బీరువా, ఒక రెక్క తెరిచిన కిటికీ. బాత్రూం తలుపు పక్కన తను ఉదయం నింపి పెట్టిన బకెట్టు కూడా ఉంది. ఆ గదికి ఇంతవరకూ నళినాక్షి వచ్చింది లేదు. ఎవరూ ఫొటో తీసిందీ లేదు. యంత్రానికి ఇచ్చినదల్లా తరళ మంచం మీద కూర్చుని ఫోన్లో పాడుకున్న పాట ఒక్కటే.

మంచం మీద కూర్చున్న ఆకారం తనదే. దాని వెనక, కిటికీకీ మంచానికీ మధ్య, ఇంకో ఆకారం ఉంది. 

ఆ యంత్రం పేరు శబ్దదర్శిని. అందులో మంత్రమేమీ లేదు. చూపులేని మనిషి కర్రతో నేల మీద తట్టి ఎదురుగా గోడ ఉందో ఖాళీ ఉందో చెప్పేస్తాడు కదా, ఇదీ అంతే. పాడిన గొంతు గోడకి తగులుతుంది, తిరిగొస్తుంది. ఎంత సేపటికి, ఎంత సన్నబడి వచ్చిందో లెక్క కడితే గది గీయవచ్చు. గోడ తనకు తగిలిన పాటను దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. మనిషి కొంత తన దగ్గర ఉంచుకుంటాడు. అలా పాట తరిగిపోయిన చోట, చెవికి ఆనని సన్నటి ఊపిరి కూడా దొరికితే, అక్కడ మనిషి ఉన్నట్టు యంత్రం గుర్తు వేస్తుంది.

ఇంత యంత్రం దేనికని అడుగుతారేమో. అప్పటికి పాటలన్నీ యంత్రాలే కట్టి యంత్రాలే పాడుతున్నాయి. శ్రుతి తప్పదు, తాళం జారదు. పెళ్లికి వేరే, పరీక్ష తప్పినవాడికి వేరే, అడగకముందే వచ్చి చెవిలో పడేవి. జనానికి మొహం మొత్తింది. అలాంటి రోజుల్లో, మేడ మీద గదుల్లో అద్దెకుండే ఆడపిల్లలు కొందరు తమ పాటలు తామే రాసుకుని, గుసగుసకి కాస్త ఎక్కువగా, పాటకి కాస్త తక్కువగా పాడి ఫోన్లోంచి వదలడం మొదలుపెట్టారు. వాటిని ఇంటిపాటలన్నారు. వెనక ఫ్యాను కిర్రుమంటుంది, పక్కింటి కుక్కర్ కూత వేస్తుంది, మధ్యలో ఆ పిల్ల ఒక మాట మర్చిపోయి “ఆఁ...” అని మళ్లీ అందుకుంటుంది. జనం వెర్రెత్తిపోయారు. లక్షమంది విన్నా లక్షమందికీ ‘ఇది నా ఒక్కడికే’ అనిపించడం వాటి గమ్మత్తు. పరీక్ష కోసం తరళ పాట వినిపిస్తే, రిటైరైన బస్సు డిపో మేనేజరు ఒకాయన నళినాక్షి ప్రయోగశాలలోనే కళ్లొత్తుకున్నాడు. “మా అమ్మాయి పక్క గదిలో కూనిరాగం తీస్తున్నట్టుందండీ” అన్నాడు. ఆయనకి అమ్మాయి లేదు.

ఆ గమ్మత్తు ఎక్కడుందో పట్టుకుని తమ యంత్రపు పాటల్లో కలుపుకోవాలని చెంత అనే పాటల కంపెనీ ఆశ. విశాఖపట్నంలో నళినాక్షి ప్రయోగశాలను నడిపేది ఆ కంపెనీయే. తరళ పాటలు అందరికంటే ఎక్కువమంది వింటున్నారు కాబట్టి తరళను పిలిపించారు.

“పాత పాటలు కూడా చూద్దాం” అంది నళినాక్షి.

చూడకపోయినా బాగుండేది. మొట్టమొదటి పాటలో ఆ ఆకారం మేడమెట్ల మలుపులో ఉంది. తర్వాతి పాటలో పైమెట్టు మీద. ‘చల్లారిన టీకి మీగడ కట్టింది, నీ మాట మాత్రం ఇంకా వేడిగానే ఉంది’ అనే పాట తరళకి మంచి పేరు తెచ్చింది. అందులో అది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇక చివరి పాటలో తరళ వీపుకి జానెడు దూరం.

“ఎవరో పాట పాటకీ దగ్గరవుతున్నారు” అంది నళినాక్షి. ఆ మాట అనకుండా ఉండాల్సిందని వెంటనే ఆమెకీ అనిపించింది. 

“పోలీసులకి చెబుదామా మేడమ్?”

“ఏమని? పాటలో మనిషి కనిపించాడనా?”

తరళ ఉండేది చినవాల్తేరులో, వరహాలమ్మగారి మేడ మీద గదిలో. కింద వరహాలమ్మగారు ఒక్కర్తే ఉంటుంది. గది ఇచ్చేటప్పుడే ఆవిడ ఖచ్చితంగా చెప్పింది: “మజ్జాన్నం బువ్వ తిన్నాక నాను తొంగుంటాను. పైనించి సప్పుడు ఇనపడకూడదు.” తరళది షిప్పింగు ఆఫీసులో సాయంత్రం షిఫ్టు. పాడుకోవడానికి దొరికేది సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళే. అందుకే కిటికీకి వీపు పెట్టి కూర్చుని, ఫోను పెదవులకి ఆనించి, గొంతు పైకి లేవనివ్వకుండా పాడేది. ఊరంతా మురిసిపోయిన ఆ మెత్తదనం వెనకున్నది వరహాలమ్మగారి కునుకు.

ఆ సాయంత్రం తరళ ఆవిడని అడిగింది. “మామ్మగారూ, మధ్యాహ్నం పూట పైకి ఎవరైనా వస్తున్నారా?”

బియ్యం ఏరుతున్న వరహాలమ్మగారి చెయ్యి ఆగింది. “ఎవలొత్తారమ్మా? గేటుకి తాళమేసే కదా తొంగుంటాను” అంది తల ఎత్తకుండా.

గేటుకి తాళం ఉంది. అంటే వచ్చేవాడు బయటినుంచి రావడం లేదు. ఇక తరళ పరిస్థితి చెప్పక్కర్లేదు. మంచం కింద చూసేది, బీరువా తెరిచి చూసేది, మళ్లీ మంచం కింద చూసేది. తలంటుకుంటూ సబ్బు నురగకి కళ్లు రెండూ మూసుకునేది కాదు. ఒక కన్ను మంటెత్తుతున్నా తెరిచే ఉంచుకునేది. గదిలో కూర్చుంటే వీపు గోడకి ఆనాల్సిందే. పాట మాత్రం పెదవి దాటి రాలేదు. నోరు తెరిస్తే అది వస్తుందని ఆమె భయం.

“పాడితేనే కదా వస్తాడు. వస్తేనే కదా దొరుకుతాడు” అంది నళినాక్షి చివరికి. “నువ్వు గదిలో పాడు. నీ ఫోను ఇక్కడి యంత్రానికి కలుపుతాను. ఎక్కడున్నాడో అడుగడుగునా నీ చెవిలో చెబుతుంటాను.”

“మీరు ఇక్కడుంటారు. నేను అక్కడుంటాను” అంది తరళ.

 నళినాక్షి వీధి చివర తెలిసినవాళ్ల కారు ఆపి ఉంచుతానంది.

మర్నాడు మధ్యాహ్నం తరళ మంచం మీద ఎప్పటిలాగే కూర్చుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఒడిలో అప్పడాల కర్ర. కొత్త పాట మొదలుపెట్టింది. గొంతు వణికింది. ఆ వణుకుని ఆపుకుందామని చూస్తే మాట ఇంకా మెత్తబడింది.

“ఎవరూ లేరు. పాడు” అంది చెవిలో నళినాక్షి.

ఒక చరణం అయింది.

“మెట్ల దగ్గర ఏదో ఉంది... అవును. ఊపిరి ఉంది. ఆపకు తరళా, పాడుతూనే ఉండు.”

తరళ పాడింది. వెనక్కి చూడాలని మెడ లాగేస్తోంది.

“మలుపు తిరిగాడు.”

ఫ్యాను కిర్రుమంటోంది.

“పైకి వచ్చేశాడు. అమ్మా... నీ వెనకే ఉన్నాడు.”

పాట ఆగిపోయింది. తరళ కెవ్వున అరిచి, మంచం మీంచి దూకి, తలుపు బార్లా తీసి కర్ర ఎత్తింది.

గది బయట, కిటికీని ఆనుకుని, వసారా నేల మీద, మోకాళ్లు ముడుచుకుని వరహాలమ్మగారు కూర్చుని ఉంది. దగ్గు బయటపడకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కిటికీకి ఉన్న పల్చటి కర్టెను యంత్రానికి ఆనలేదు. అందుకే లోపలా బయటా తేడా తెలియక, కిటికీ అవతల కూర్చున్న మనిషిని గది లోపల గీసింది.

“కొట్టీకమ్మా! నానే!”

“మీరా మామ్మగారూ! పడుకుంటానని చెప్పి...” తరళకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “నా ప్రాణం పోయింది తెలుసా? అడిగితే ఎవరూ రావట్లేదన్నారు కదా!”

“మరేటి సెప్పమంటావు? సప్పుడు సెయ్యొద్దని నోటితో అన్నదాన్ని. మళ్లీ పాడమ్మా ఇంటానని ఏ మొకం పెట్టుకుని అడగను? కింద ఇనపడీ ఇనపడనట్టుండేది. మెట్టూ మెట్టూ ఎక్కొచ్చినాను.”

“ఒక్కసారి తలుపు కొట్టొచ్చుగా.”

“కొడితే పాట ఆపీయవూ?” అంది వరహాలమ్మగారు, తన తప్పేమీ లేనట్టు.

తరళ కర్ర కింద పడేసి ఆవిడ పక్కనే కూలబడి భోరుమంది. భయం పోయాక వచ్చే ఏడుపు అంత తొందరగా ఆగదు. మర్నాటి నుంచి గదిలో మంచానికి ఎదురుగా ఒక కుర్చీ పడింది. వరహాలమ్మగారు భోంచేసి దర్జాగా మెట్లెక్కి వచ్చి అందులో కూర్చునేది. కునుకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేదో. కానీ నళినాక్షి శాస్త్రవేత్త. పాత పాటల్లోంచి ఆ రెండో ఊపిరిని తుడిచేసి డిపో మేనేజరుకి వినిపించింది. ఆయన కాసేపు విని హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. “బాగానే ఉందండీ. ఎవరో పాడుతున్నారు” అన్నాడు.

గమ్మత్తు దొరికింది. మంచి మాట వచ్చేచోట వరహాలమ్మగారు ఊపిరి బిగబట్టేది. చరణం అయ్యాక వదిలేది. మన చెవి ఆ ఊపిరిని విన్నానని చెప్పదు, కానీ లోపల మనసు కనిపెడుతుంది: పక్కన ఎవరో ప్రాణం పెట్టి వింటున్నారు. దాంతో మనమూ ఊపిరి బిగబడతాం. పాట ‘నాకే’ అనిపించింది తరళ గొంతు వల్ల సగమే. మిగతా సగం ఆవిడ వినడం వల్ల.

చెంత కంపెనీవాళ్లు ఆ ఊపిరిని వాడుకునేందుకు ఒప్పందం కాగితం పట్టుకుని వచ్చారు. “ఊపిరికి కూడా సంతకమేటి బాబూ, తీసుకోండి” అని వరహాలమ్మగారు నవ్వుతూ సంతకం పెట్టింది. ఇంతమందికి తన ఊపిరి పనికొస్తుందంటే ఎవరికి సంతోషం ఉండదు? కొంచెం ఉంటేనే ఇంత బాగుంటే, ఎక్కువ వేస్తే ఇంకెంత బాగుంటుందో అనుకున్నారు కంపెనీవాళ్లు. ఊపిరి చప్పుడు పెంచి, తమ యంత్రాల పాటలన్నిటిలో కలిపారు. తరళ ఫోన్లో పాడే కొత్త పాటలు ఇప్పుడు వాళ్ల ద్వారానే బయటికొచ్చేవి, వాటిలోనూ కలిపారు.

తర్వాత ఊరు మారడం మొదలైంది. బస్సుల్లో వెనక సీట్లు ముందు నిండేవి, ఎందుకంటే వాటి వెనక ఇంకెవరూ కూర్చోరు. హోటళ్లలో గోడవారగా ఉన్న కుర్చీల కోసం తగువులు. పెద్ద పెద్ద ఆఫీసర్లు తలంటుకుంటూ ఒక కన్ను తెరిచి ఉంచుకునేవాళ్లట. తలుపు గెడియలు అమ్మేవాళ్లు గిరాకీతో ఊపిరి సలపక చచ్చారు. అయినా పాటలు వినడం ఎవరూ మానలేదు, మానలేకపోయారు. నళినాక్షి కంపెనీకి చెప్పి చూసింది: “దగ్గరలో మనిషున్నారని చెవి చెబుతుంది. అయినవాళ్లా కానివాళ్లా అన్నది కన్ను చెప్పాలి. కన్ను చూస్తే ఎవరూ లేరు. భయపడక ఏం చేస్తారు?” వాళ్లు వినలేదు. వినేవాళ్ల సంఖ్య పెరుగుతోంది మరి. ఆమె కూడా ఆ రోజుల్లోనే తన కుర్చీని గోడకి జరుపుకుంది.

తరళ ఇదంతా ఇంకా గమనించలేదు. తన కొత్త పాట విడుదలైన రోజు, ముచ్చటపడి, హెడ్‌ఫోను తెచ్చి వరహాలమ్మగారి చెవులకి తగిలించింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, చిరునవ్వుతో వింది. ఒక చరణం అయ్యేసరికి నవ్వు మాయమైంది. గిరుక్కున వెనక్కి చూసింది. మళ్లీ చూసింది. హెడ్‌ఫోను పీకి విసిరేసింది.

“ఎవలో ఉన్నారు! నా ఎనకాల ఎవలో ఉన్నారు తల్లీ!”

“ఎవరూ లేరు మామ్మగారూ. అది మీరే. మీ ఊపిరే అది.”

వరహాలమ్మగారు లేచి గోడకి వీపు ఆనించింది. “నానిక్కడుంటే, నా ఎనకాల నానెలాగుంటాను?”

తరళ ఎంత చెప్పినా ఆవిడ చెవికి ఎక్కలేదు. గోడ పట్టుకుని, వీపు గోడకి రాసుకుంటూ మెట్లు దిగింది. మర్నాడు మధ్యాహ్నం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మేడమెట్లకి మలుపు ఉంది. మలుపులో వీపుకి గోడ ఉండదు. తరళ కిందికెళ్లి పిలిస్తే, “ఒంట్లో బాగోలేదమ్మా” అని తలుపు సందులోంచి చెప్పేది. ఆ సందు కూడా రోజురోజుకీ సన్నబడింది.

ఒక మధ్యాహ్నం తరళ గది తలుపు బార్లా తెరిచింది. కర్టెను ముడివేసి పైకి కట్టింది. ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని, కిందికి వినపడాలని, ఆ ఇంట్లో మొదటిసారి గొంతెత్తి పాడింది. పాడుతూ పాడుతూ మెట్ల వైపు చెవి పెట్టింది. అడుగుల చప్పుడు లేదు. పాట చివర, కింద వరహాలమ్మగారు తలుపుకి రెండో గెడియ కూడా వేసుకున్న చప్పుడు వినిపించింది.

పాటతో పాటు అదీ ఫోన్లో రికార్డయింది. చెంత వాళ్లు ఆ చప్పుడు శుభ్రంగా తుడిచేసి, ఆ చోట ఆవిడ ఊపిరి పెట్టి, పాట వదిలారు.