వీరనారి, ఆమె శాపం, ఒక మొద్దు రైటరు

మొదటిరోజే ఆ అమ్మాయి నా పరువు తీసింది.

"రైటర్ గారూ," అంది అద్దం అవతల నుంచి, మైకులో. "బొమ్మ నోరు మూడుసార్లే తెరిచింది. మీరు పదకొండు అక్షరాలు రాశారు. మిగతా ఎనిమిదీ చెవుల్లోంచి చెప్పమంటారా?"

సౌండ్ బాబాయ్ కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాదు. స్టూడియోలో అందరికీ బాబాయే.

మాది డబ్బింగ్ స్టూడియో. రెండు గదులు, మధ్యలో పెద్ద అద్దం. అటువైపు మైకు, తెర, ఆమె. ఇటువైపు మెషిన్ ముందు బాబాయ్, పక్కనే స్క్రిప్టుతో నేను. తెర మీద బొమ్మ పెదవి ఎంతసేపు కదిలితే అంతే పొడవున మన డైలాగు రాయాలి. అందుకని ఎప్పుడూ వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ గొణుక్కుంటూ ఉంటాను. బస్సులో చూసినవాళ్ళు పాపం జపం చేసుకుంటున్నాడనుకుని సీటిచ్చేస్తారు.

సీరియల్ పేరు మీకెందుకుగానీ, జపాన్ బొమ్మల సీరియల్, సమురాయ్‌లనే కత్తివీరుల కథ. అందులో ఒక వీరనారి. తెల్లజుట్టు, తనకంటే పొడుగైన కత్తి, చిన్నప్పుడే హతమైపోయిన కుటుంబం. ఎపిసోడ్‌కి ఒకడు చొప్పున ద్రోహం చేస్తాడు. ఆమె వెళ్ళి వానలో నిలబడుతుంది. వాన లేని రోజున పూలు రాలతాయి. అయినా ఆ వీరనారికి జలుబు చేసిన ఎపిసోడ్ ఒక్కటీ లేదు.

ఆ కత్తికొక శాపం. ప్రేమిస్తున్నానని ఆమె ఎవరితోనైనా చెబితే, విన్నవాడు అక్కడికక్కడే చస్తాడు. అందుకని తను కాపలా కాసే యువరాజుని ఇరవైమూడు ఎపిసోడ్ల పాటు ప్రేమించి, ఒక్క ముక్క బయటపెట్టదు. వాడి మొహానికి అర్థమూ కాదు.

ఇంత ఏడుపుగొట్టు పాత్రకి గొంతిచ్చే మనిషి ఎలా ఉండాలి? ఈమె మాత్రం యుద్ధం సీను రాగానే చెప్పులు విడిచేసి, కార్పెట్ మీద గెంతుతూ, "హా! హుఁ! హ్యా!" అని గాలిని నరికేది. ఒకసారి అలా నరుకుతుంటే మైకు స్టాండు పడిపోయింది. కంగారులో గబగబా నీళ్ళు తాగితే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పావుగంట సేపు వీరనారి పగ వాయిదా పడింది. ఎక్కిళ్ళ మధ్యలో కూడా, "నవ్వితే ఊరుకోను, హిక్, రైటర్ గారూ," అని వేలు చూపించింది.

సరిగ్గా అక్కడే నా పని అయిపోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమెతో ప్రతి మాటకీ దెబ్బలాడాను, ఇంకో పది నిమిషాలు మాట్లాడొచ్చు కదా అని. అసలు మాట మాత్రం చెప్పలేదు. నాకు ఏ శాపమూ లేదు, పిరికితనం ఒక్కటే.

ఆఖరి ఎపిసోడ్ రోజు మధ్యాహ్నం బాబాయ్ నా చెవిలో అన్నాడు, "అమ్మాయికి వేరే ఊళ్ళో రేడియోలో ఉద్యోగం వచ్చిందట. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. మనకి తర్వాత వచ్చే సీరియల్లో అందరూ మగ రాక్షసులే. ఇంక ఇటువైపు ఎందుకొస్తుంది?"

అని నా వంక చూశాడు. నేను స్క్రిప్టు వంక చూశాను. అందులో నాకు ధైర్యం చెప్పే ముక్క ఏదీ రాసిలేదు, రాసింది నేనే కాబట్టి.

తెర మీద వీరనారి ఒంట్లో తొమ్మిది బాణాలు దిగాయి. జుట్టు చెదరలేదు. యువరాజు ఒళ్ళో తల పెట్టి ఎనిమిదిసార్లు నోరు తెరిచింది. శబ్దం లేదు. చనిపోయింది.

"ఇక్కడ నేనొక లైన్ రాశాను," అన్నాను. "'ప్రభూ, మరుజన్మలో వెన్నెలనై మీ వాకిట...'"

"వెన్నెలా! తొమ్మిది బాణాలు దిగితే అమ్మా అంటారు. వెన్నెల అనరు."

"ఖాళీగా వదిలితే జనం సౌండ్ పోయిందనుకుంటారండీ. ఏదో ఒకటి ఉండాలని పైనుంచి చెప్పారు."

"ఆమె చెబితే వాడు చస్తాడు కదా! అందుకే గొంతు రానివ్వకుండా చెప్పింది. చివరి ఊపిరితో కూడా వాణ్ణి కాపాడింది. మీరొచ్చి మధ్యలో వెన్నెల కాయిస్తారేంటి?"

ఆమె చెప్పింది నిజమే. అది ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. "అయితే మీరే ఏదైనా చెప్పి చూపించండి," అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. బాబాయ్ సీను వెనక్కి తిప్పాడు. తొమ్మిది బాణాలు మళ్ళీ దిగాయి. ఆమె తెర వైపు చూడలేదు, అద్దంలోంచి నన్నే చూసింది.

"నువ్వంటే నాకెంతో ఇష్టం, మొద్దూ," అంది మెల్లగా.

నేను వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టి, మైకు బటన్ నొక్కాను.

"బావుందండీ. కానీ రెండక్షరాలు పెదవి దాటిపోయాయి. 'మొద్దూ' తీసేస్తే సరిగ్గా కూర్చుంటుంది."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించి, చెప్పులు వేసుకుని, బయటికి వెళ్ళిపోయింది.

"ఏమైంది బాబాయ్?"

బాబాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఒరేయ్, ఆ సమురాయ్ పిల్ల ప్రభువు కాళ్ళ దగ్గర తలెత్తి మాట్లాడదు. యువరాజుని పట్టుకుని మొద్దు అంటుందా? ఇక్కడున్న మొద్దు ఎవరు? నేనా? నాకు అరవై ఏళ్ళురా!"

అప్పుడు వెలిగింది. మెట్లు రెండేసి చొప్పున దిగాను.

కింద రిసెప్షన్ సోఫాలో ఆమె కూర్చుని ఉంది. పక్కనే గొడుగు పట్టుకుని వాళ్ళమ్మగారు. కూతురి ఆఖరి ఎపిసోడ్ చూద్దామని వచ్చినట్టున్నారు.

"నువ్వేనా బాబూ రైటరు?" అన్నారావిడ.

"అవునండీ."

"ఆ పిల్లని చంపకపోతే ఏం?"

"నేను చంపట్లేదండీ. జపాన్‌లోనే చచ్చిపోయింది."

"అమ్మా, నువ్వూరుకో," అంది ఆమె. "రైటర్ గారూ, ఇంకెన్ని అక్షరాలు తగ్గించాలో చెప్పడానికి వచ్చారా?"

వాళ్ళమ్మగారు కదిలే సూచన కనిపించలేదు. అయినా ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకు తెలుసు.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాను. "ఎక్కిళ్ళు వచ్చిన రోజు నుంచీ. ఉద్యోగానికి వెళ్ళడం, మానడం మీ ఇష్టం, దాంట్లో నేను మాట్లాడను. కానీ చెప్పకుండా మిమ్మల్ని పంపేస్తే జన్మంతా నన్ను నేను తిట్టుకుంటాను."

"నేను చెప్పాకా చెప్పేది?"

"నాకంత ధైర్యం ఎక్కడిదండీ? మీరు చెప్పారు కాబట్టి... అదీ బాబాయ్ విడమరిచి చెబితే గానీ అర్థం కాలేదు."

ఆమె పెదవులు బిగించింది. నవ్వు ఆపుకుంటోందో, ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు. బహుశా రెండూ.

"ఏమే, రోజూ కంచం ముందు కూర్చుని నువ్వు తిట్టేది ఈ అబ్బాయినేనా?" అన్నారు వాళ్ళమ్మగారు. "రైటర్ ఇలా రాశాడు, రైటర్ అలా అన్నాడు. నా చెవులు తూట్లు పడిపోయాయి బాబూ. ఇన్నాళ్ళూ ఎవరో ముసలాయన అనుకున్నాను."

"అమ్మా!"

"నాకేం అభ్యంతరం లేదు. అబ్బాయి అబద్ధాలాడే రకంలా లేడు. ఆడేంత తెలివీ కనిపించట్లేదు."

ఇంతకంటే మంచి ఆశీర్వాదం నాకెక్కడ దొరుకుతుంది?

ఆమె లేచి నా ఎదురుగా నిలబడింది. "ఉద్యోగంలో చేరుతున్నాను. పొద్దున్నే నిర్ణయించుకున్నాను."

నా మొహం ఎలా మారిందో గానీ, వెంటనే ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "చచ్చిపోయినట్టు చూడకండి. బస్సులో మూడు గంటలు. ఆదివారం సెలవు. ఒక వారం మీరు రండి, ఒక వారం నేనొస్తాను. కుదురుతుందా?"

"రెండు వారాలూ నేనే వస్తాను."

"అంత అక్కర్లేదు. ఒకటి చాలు," అంది. ఈసారి మాత్రం నవ్వే.

ముగ్గురం పైకి వెళ్ళాం. నా వెన్నెల లైన్ నేనే కొట్టేశాను. పైవాళ్ళకి నేను సమాధానం చెప్పుకుంటానని బాబాయ్‌కి మాటిచ్చాను. వీరనారి ఒక్క మాట కూడా మాట్లాడదు. చివరి ఊపిరి మాత్రం వినిపిస్తుంది, అంతే. ఐదు నిమిషాల పని.

మొదటి టేక్ అయ్యాక బాబాయ్ నిట్టూర్చాడు. "అమ్మాయీ, గుండెల్లో బాణం దిగినట్టు లేదు. లాటరీ తగిలినట్టుంది. మళ్ళీ చావమ్మా."

రెండో ఊపిరిలోనూ నవ్వు వినిపించింది. మూడోది మధ్యలోనే తుస్సుమంది. నాలుగోసారి పెదవి కొరుక్కుని బాగానే మొదలుపెట్టింది గానీ, సరిగ్గా ప్రాణం పోయే చోట అద్దంలోంచి నన్ను చూసి కిసుక్కుమంది. వాళ్ళమ్మగారు మాత్రం బాబాయ్ పక్కన కూర్చుని ప్రతి చావుకీ శ్రద్ధగా ఏడుస్తున్నారు.

ఆరో టేక్ కూడా పాడయ్యాక ఆమె మైకు దగ్గరికి వంగి, నా వైపు వేలు చూపించింది.

"నువ్వు బయటికి పో. నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు చావు రావట్లేదు."

బాబాయ్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. జీవితంలో ఎన్నో చోట్ల నుంచి నన్ను గెంటేశారు గానీ, అంత ఆనందంగా బయటికొచ్చింది ఆ ఒక్కసారే.